చుట్టుకు రూపాయి

పిల్లలూ! నేను హెడ్మాస్టరుగా ఉన్న రోజుల్లో "రేపు చేస్తానండీ" అనే కుర్రవాళ్ళను గట్టిగా కోప్పడేవాణ్ణి. కిందటి ఏడు వానాకాలంలో ఆ మాట నేనే రోజూ అనవలసివచ్చింది.

బావి దగ్గర నాచు మీద కాలు జారి పడ్డాను. తుంటి ఎముక విరిగింది. డాక్టర్లు లోపల లోహపు కడ్డీ వేసి బిగించి, వాకరు పట్టుకుని రోజూ నడవమన్నారు. ఎముక రాయివంటిది కాదు, ప్రాణమున్నది. దాని మీద బరువు పడుతూ ఉంటేనే గట్టిపడుతుంది. మంచం పట్టి ఉండిపోతే కండా, ఎముకా రెండూ క్షీణిస్తాయి. ఈ పాఠం ఎన్నోసార్లు చెప్పినవాణ్ణే! అయినా అడుగు వేస్తే ప్రాణం పోయినట్టుండేది. "రేపు నడుస్తాలే" అనేవాణ్ణి.

ఆసుపత్రిలో నా పక్క మంచం మీద, తాటిచెట్టు మీదినుంచి పడి కాలు విరిగిన గీతకార్మికుడు ఉండేవాడు. నేను ఇంటికి బయలుదేరుతుంటే నా వాకరు వంక చూసి, "అదెంతుంటది సారూ?" అని అడిగాడు. ధర చెప్పాను. అతను మరి మాట్లాడలేదు.

ఒకనాడు మా మనవరాలు నాకు టామ్ మూర్ సంగతి చదివి వినిపించింది. ఆయన ఇంగ్లండు దేశస్థుడు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో మన దేశంలోనూ, బర్మాలోనూ సైనికోద్యోగం చేశాడు. 2018లో పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. 2020 ఏప్రిల్‌లో, కరోనా రోజుల్లో, తన నూరవ పుట్టినరోజులోగా తోటలోని 25 మీటర్ల దారిని 100 సార్లు నడుస్తానని పూనుకున్నాడు. తనకు చికిత్స చేసిన ప్రభుత్వ వైద్యశాలల సహాయనిధికి 1,000 పౌన్లు పోగుచెయ్యాలని ఆయన ఉద్దేశం. లెక్క వేయండి, మొత్తం రెండున్నర కిలోమీటర్లే! ఆయన వాకరుతోనే నడిచి పూర్తిచేశాడు. జనం పంపిన సొమ్ము 3 కోట్ల 20 లక్షల పౌన్లు దాటింది. 2021లో ఆయన కన్నుమూశాడు.

"నువ్వూ నడువు తాతయ్యా! వాకిట్లో చుట్టుకొక రూపాయి నేనిస్తాను," అన్నది మనవరాలు.

"నాకెందుకే నీ రూపాయి?" అన్నాను.

"నీకు కాదు. ఆ పక్క మంచం ఆయనకు వాకరు కొనటానికి."

నాకు సిగ్గు వేసింది. ఆ రోజు మూడు చుట్లు తిరిగాను. కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి. మర్నాడు నాలుగు. మనవరాలు పలక మీద లెక్క రాసేది. ఇరుగుపొరుగువాళ్ళూ, నా పాత శిష్యులూ తలా ఒక రూపాయి చొప్పున కలిశారు. నొప్పి ఏమీ తగ్గలేదు గాని, "రేపు" అనటానికి మాత్రం నోరు రాలేదు. నా రేపటి కోసం అక్కడ ఇంకొకరు మంచాన పడి ఉన్నారు గదా!

రెండు నెలలలో మూడు వాకర్లు కొన్నాం. మొదటిది అతనికి పంపాం.

మొన్న సంక్రాంతికి అతను చేతికర్రతో మా గుమ్మంలోకి వచ్చాడు. వెంట వచ్చిన కొడుకు భుజాన ఆ వాకరు ఉన్నది.

"నాకిక అక్కర్లేదు సారూ, ఇంకెవరికైనా ఇయ్యండి," అన్నాడు.

ఇప్పుడది నాలుగో ఇంట్లో నడుస్తున్నది.