తూకానికి పోయిన గుండిగ

అమెరికాలో ‘ఎస్టేట్ సేల్’ అని ఒక పద్ధతి ఉంది. పెద్ద ఇల్లు విడిచి చిన్న ఇంటికి మారేటప్పుడో, ఇంటి పెద్ద చనిపోయినప్పుడో ఒక కంపెనీ వచ్చి చెంచా నుంచి సోఫా దాకా ధర చీటీలు అంటిస్తుంది. చెప్పిన రోజు తలుపులు తెరుస్తారు. ముక్కూమొహం తెలియని జనం పడకగది దాకా తిరిగి, నచ్చింది కొనుక్కుపోతారు. కంపెనీ తన వాటా తీసుకుంటుంది. డల్లాస్‌లో ఉన్న మిత్రుడు ఫోన్‌లో ఇదంతా చెప్తుంటే నాకు వింతగా అనిపించింది ఆ చీటీలు కాదు. ఎవరైనా లోపలికి రావచ్చు అన్న ఆ ఒక్క మాట.

ఈ ఎండాకాలం సెలవుల్లో మా ఊర్లో మా ఇల్లు ఖాళీ చేశాం. నాయిన పోయి మూడేండ్లయింది. అమ్మకు మోకాళ్లు పట్టేశాయి, ఒక్కతే ఉండలేదు. నల్లగొండలో నా కిరాయి ఇల్లు రెండు గదులు, ఒక వంటిల్లు. నలభై ఏండ్ల సంసారం అందులో పట్టదు. అమ్మ సామానంతా తీయించి వాకిట్లో పెట్టించింది. మాదిగవాడలో ఇంటి లోపలికి వచ్చి బేరం చేసే ఊరి మనిషి ఉండడని ఆమెకు నేను చెప్పాల్సిన పనిలేదు.

టీవీ, ఫ్యాన్లు, కూలర్ మొదటి పూటే పోయాయి. ట్రంకు పెట్టె, నులక మంచం, కుర్చీలు వాడలోనే తలా ఒకటి తీసుకున్నారు. ఇసుర్రాయి ఎవరికీ అక్కరకు రాలేదు, అది అక్కడే ఉంది. టేకు బీరువాకు ఊర్లోంచి ఒకాయన మనిషిని పంపి కొలతలు తీయించాడు, నాలుగు వేలకు ఖాయం చేశాడు. సాయంత్రం అదే మనిషి వచ్చి, “ఇంట్ల ఆడోళ్లు వద్దంటున్నరు” అని చెప్పి పోయాడు. మా కూలర్ కొన్నది ఆ ఇంటివాళ్లే. గాలికి మైల అంటదు కాబోలు.

నేను చెప్పాలనుకున్నది ఇత్తడి గురించి. ఒక గుండిగ, ఒక గంగాళం, రెండు సర్వలు, నాలుగు చెంబులు. వండుకోవడానికని ఊర్లో ఒక్కరూ అడగలేదు. పాత సామాను కొనే ఆయన ట్రాలీ ఆటోలో వచ్చి తూకం వేశాడు. పద్నాలుగు కిలోలు. కిలోకు 400 చొప్పున 5,600 అమ్మ చేతిలో పెట్టాడు. ఆ ఇత్తడిని కరిగించి మళ్లీ పోస్తారు. రేపది ఎవరి పూజగదిలోనైనా దీపపు కుందె కావచ్చు, ఎక్కడిదని ఎవరూ అడగరు. మనుస్మృతి ఐదో అధ్యాయంలో లోహపు పాత్రలను శుద్ధి చేసుకునే మార్గాలున్నాయి. పదో అధ్యాయంలో చండాలురు పగిలిన పాత్రల్లోనే తినాలని, శవాల బట్టలు కట్టాలని, ఇనుప నగలు పెట్టుకోవాలని ఉంది. లోహానికి దొరికిన వెసులుబాటు మనిషికి దొరకలేదు.

మీలో చాలామంది ‘కులనిర్మూలన’ చదివే ఉంటారు. 1936లో వచ్చిన ఆ పుస్తకంలో అంబేడ్కర్ అహ్మదాబాద్ జిల్లాలోని ఒక ఊరి సంగతి చెప్తాడు. 1935 నవంబర్‌లో అక్కడ కాస్త కలిగిన అంటరాని ఇండ్ల ఆడవాళ్లు లోహపు బిందెలతో నీళ్లు తెచ్చుకోవడం మొదలుపెడితే, అది తమకు అవమానమని సవర్ణులు వాళ్ల మీద పడి కొట్టారు. పాఠం చెప్పేటప్పుడు నేను అక్కడ ఎప్పుడూ ఆగుతాను. మన ఇండ్లలో గుండిగ అంటే వంటపాత్ర ఒక్కటే కాదు. అమ్మ దాన్ని రెండు కార్తెల నాటు కూలి దాచిపెట్టి కొన్నది.

పుట్టింటి నుంచి ఆమెకు ఇత్తడి రాలేదు. ఆ పుట్టిల్లే లేదు. కొల్లాపూర్ దిక్కు కృష్ణ ఒడ్డున ఉన్న ఆ ఊరు 1981లో శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ల కింద పోయింది. పాలమూరు, కర్నూలు జిల్లాల్లో వందకు పైగా ఊళ్లు అట్లా పోయాయి. అమ్మకు అప్పుడు పదిహేనేండ్లు. బండి కిరాయికి పైసలు లేక అమ్మమ్మ ఉన్న నాలుగు గిన్నెలనూ వచ్చిన బేరగానికి వాడు అన్న ధరకే ఇచ్చేసిందట. అదే ముంపులో ఉన్న కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని మాత్రం రాయి రాయి విప్పి, అలంపురం తరలించి మళ్లీ కట్టారు. మంచి పనే, నేనూ పోయి చూసొచ్చాను. ఏ రాయి ఎక్కడిదో లెక్క ఉండబట్టే గుడి లేచింది. అమ్మమ్మ గిన్నెలకు లెక్క లేదు.

ఇప్పుడు 2013 భూసేకరణ చట్టం ఉంది. నిర్వాసిత కుటుంబానికి సామాను తరలించుకోవడానికి 50,000, పునరావాస భత్యంగా ఇంకో 50,000 దాని రెండో షెడ్యూల్‌లో రాసి ఉన్నాయి. ఉదండాపూర్ లాంటి ముంపు ఊళ్లకు సర్వేకు పోయే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, భూమి, ఇల్లు లెక్క రాసేటప్పుడు ఇంటి సామాను కూడా రాయండి. ఏం అమ్మారు, ఎంతకు, ఎవరు కొన్నారు, ఎవరు కొనలేదు. మన పరిశోధనల్లో ఈ కాలమ్ దాదాపు కనిపించదు.

రెండో రోజు హైదరాబాద్ నుంచి ఒక కుర్రవాడు వచ్చాడు. పాత వస్తువులు ఏరి రిసార్టులకు అమ్ముతాడు. అటక మీద ఉన్న తాత మోట బొక్కెన చూసి 2,500 ఇస్తానన్నాడు. తెలంగాణ దొరలకు మాదిగలు చెప్పులు, వ్యవసాయానికి కావలసిన తోలు సామాను వెట్టికి చేసిపెట్టేవాళ్లని సుందరయ్య తన తెలంగాణ సాయుధ పోరాట గ్రంథంలో రాశాడు. వెట్టి పోయిందన్న తర్వాత కూడా తాత కుట్టిన బొక్కెన అది. ఇచ్చేలోపే దొర బావికి కరెంటు మోటరు వచ్చింది, ఎవరూ తీసుకుపోలేదు.

అమ్మొద్దన్నాను. కాలేజీలో పెట్టి పిల్లలకు చూపిద్దామన్నాను.

“మీ తాత కుట్టినందుకు ఆ దొర పైసా ఇయ్యలె. గిప్పుడు ఎవడో ఇస్తనంటె వద్దంటవారా?” అని, కుర్రవాడి దిక్కు తిరిగి, “మూడువేలకు రూపాయి తక్కువైనా ఇయ్య” అన్నది. అతను ఇచ్చాడు.

మన చరిత్ర రిసార్టు గోడకు అలంకారంగా వేలాడటం నాకు ఇప్పటికీ ఇష్టం లేదు. కానీ ఆ బాకీ లెక్క ఆమెది.

కుర్రవాడు డప్పు కూడా అడిగాడు. 1994లో ఈదుముడిలో దండోరా మొదలైన తర్వాత మా దిక్కు జరిగిన సభలన్నిట్లో నాయిన కొట్టిన డప్పు అది. “అది అమ్మేది కాదు బిడ్డా” అన్నది అమ్మ, ధర కూడా అడగకుండా.

ఇప్పుడది నల్లగొండలో మా ఫ్రిజ్ మీద ఉంది. నీళ్ల మోటరు సంగతి చెప్పడానికి వచ్చిన ఓనరమ్మ దాన్ని రెండుసార్లు చూసింది. ఏమీ అడగలేదు. అమ్మ కూడా దాన్ని తీసి లోపల పెట్టలేదు. ఒకటో తారీఖుకు ఇంకా తొమ్మిది రోజులుంది.