ఖరగ్‌పూర్‌లో గ్రహణం రోజు

శీతాకాలం వచ్చిందంటే ఒకరు ఊటీ అంటారు, ఒకరు గోవా అంటారు. పిల్లలు విదేశాల్లో ఉన్నవాళ్లు వాళ్ల దగ్గరికి పోతారు. నేను మాత్రం ఖరగ్‌పూర్ వెళ్తాను. బెంగాల్లోని రైల్వే ఊళ్లో చూడ్డానికి ఏముందని విన్నవాళ్లు నవ్వుతారు. స్నేహితులున్నారు అంటాను.

నేను అక్కడికి మొదటిసారి వెళ్లింది 1993లో. పక్కనున్న కలైకుండా వైమానిక స్థావరంలో ఆడిట్ డ్యూటీ. బదిలీ ఆర్డరు చేతికొచ్చినప్పుడు పరదేశం పోతున్నట్టు దిగులు పడ్డాను. భాష రాదు, తిండి పడదు, తెలిసినవాళ్లు లేరు. స్టేషన్లో దిగి రిక్షా బేరమాడుతుంటే రిక్షావాడు నా హిందీ విని "శ్రీకాకుళమా బాబూ?" అన్నాడు. సగం దిగులు అక్కడే పోయింది.

తెలుగువాళ్లు అక్కడికి ఎలా చేరారన్నది పెద్ద రహస్యమేమీ కాదు. ఖరగ్‌పూర్ రైల్వే కట్టిన ఊరు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఆ శతాబ్దం చివర్లో ఇక్కడ జంక్షన్ పెట్టింది, తర్వాత పెద్ద వర్క్‌షాప్ కట్టింది. వాల్తేరు నుంచి కటక్ వరకు ఉన్న లైను కూడా 1902లో అదే కంపెనీ చేతికి వచ్చింది. పని ఇచ్చే కంపెనీ ఒకటే, ఎక్కాల్సిన బండీ ఒకటే. కరువులతో చితికిన శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల వాళ్లు ఆ బండి ఎక్కారు. 1928లో ఆ రైల్వే కార్మికుల సమ్మెను నడిపింది తర్వాత రాష్ట్రపతి అయిన మన వి.వి. గిరి గారే. 2020 డిసెంబరులో బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని తీర్మానించిందంటే, ముఖ్యంగా ఈ ఊరి జనాన్ని చూసే.

అక్కడ నాకు దొరికిన ఆస్తి ఇద్దరు మిత్రులు. ఒకాయన వర్క్‌షాప్‌లో ఫిట్టరు. నాకన్నా ఆరేళ్లు పెద్ద. తాతల నాడే వచ్చిన కుటుంబం. ఆయన్ని అన్నయ్యా అంటాను. గోరా పుస్తకాలు నాకు మొదట ఇచ్చింది ఆయనే. రెండో ఆయన బెంగాలీ స్కూలు మాస్టారు, పశ్చిమ బంగ విజ్ఞాన మంచ్ కార్యకర్త. నేను హేతువాదినైంది ఏ సభలోనూ కాదు, ఫిట్టరు గారి క్వార్టర్ వరండాలో టీ తాగుతూ.

1995 మా ముగ్గురికీ పండగ సంవత్సరం. సెప్టెంబరు 21న దేశమంతా వినాయకుడు పాలు తాగుతున్నాడని గుళ్ల ముందు బారులు తీరింది. అన్నయ్య వర్క్‌షాప్ నుంచి ఒక పెద్ద ఇనుప నట్టు తెచ్చి, వరండాలో బల్ల మీద పెట్టి, తడిపి, చెంచాతో పాలు ఆనించాడు. నట్టు కూడా తాగింది! పాలలో కాస్త ఎర్ర సిరా కలిపి మళ్లీ ఆనిస్తే, సన్నని ఎర్రని పొరగా కిందికి జారిపోవడం అందరికీ కనిపించింది. ద్రవాలకుండే తలతన్యత తప్ప మరేమీ కాదని చెప్పాడు. పదో తరగతి దాటని ఫిట్టరు అంత తేటగా చెప్పడం నేనెప్పుడూ వినలేదు.

నెల తిరిగిన కొద్ది రోజులకే అక్టోబరు 24న సంపూర్ణ సూర్యగ్రహణం. మన దేశంలో ఆ నీడ దారి రాజస్థాన్ నుంచి మొదలై బెంగాల్లో డైమండ్ హార్బర్ మీదుగా సముద్రంలోకి పోయింది. కాళీపూజ మర్నాడే అది. ముగ్గురం రాత్రంతా ప్రయాణం చేసి డైమండ్ హార్బర్ చేరాం. పొద్దున తొమ్మిది కాకముందే హుగ్లీ నది మీద చీకటి పడింది. నిమిషం పైచిలుకు సేపు. పక్షులు గూళ్లకు మళ్లాయి. అన్నయ్య కళ్లవెంట నీళ్లు. "ఇంత అందమైనదాన్ని సూడకుండా తలుపులేసుకుంటారేటి తమ్ముడూ" అన్నాడు.

ఇక అసలు విషయానికి వస్తాను.

2019 డిసెంబరు 24 ఉదయం కోరమాండల్‌లో ఖరగ్‌పూర్ దిగాను. నేను రిటైరై అప్పటికి రెండేళ్లు దాటింది. అన్నయ్య ప్లాట్‌ఫాం మీదికి వచ్చాడు. మంకీ క్యాపు, శాలువా, చేతిలో కొత్త ఖర్జూర బెల్లం పొట్లం. చలికాలంలో తప్ప దొరకని ఆ బెల్లం కోసమైనా నేను వస్తానని ఆయన వేళాకోళం. ఇంటి దగ్గర మూడేళ్ల మనవడు ఎదురొచ్చాడు. పై పెదవి మీద సన్నని కుట్టు గీత. కోడలికి ఏడో నెల. కొడుకు రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్, డ్యూటీ మీద ఉన్నాడు.

మర్నాడు మాస్టారు మమ్మల్ని హిజ్లీ తీసుకెళ్లారు. బ్రిటిష్ వాళ్లు రాజకీయ ఖైదీలను ఉంచిన నిర్బంధ శిబిరం అది. 1931 సెప్టెంబరు 16న పోలీసులు నిరాయుధులైన ఖైదీల మీద కాల్పులు జరిపారు. సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా చనిపోయారు. స్వతంత్రం వచ్చాక దేశంలో మొదటి ఐఐటీ ఆ భవనంలోనే మొదలైంది. ఇప్పుడక్కడ నెహ్రూ పేరుతో సైన్సు మ్యూజియం ఉంది. జైలు బడి కావడం కన్నా మంచి మార్పు ఏముంటుందని నేను అంటున్నాను. అన్నయ్య మాట్లాడలేదు.

తిరిగి వస్తూ మాస్టారు సంచిలోంచి గ్రహణం అద్దాలు రెండు తీసి ఆయనకిచ్చారు. మర్నాడు 26న సూర్యగ్రహణం. కేరళ, తమిళనాడుల్లో వలయం, ఖరగ్‌పూర్‌లో దాదాపు సగం. "నాకెందుకు మాస్టారూ, మీరుంచండి" అన్నాడు అన్నయ్య. డైమండ్ హార్బర్లో ఏడ్చిన మనిషి!

మాస్టారు వెళ్లాక టీ కొట్టు బెంచీ మీద చెప్పాడు. 2016 మార్చి 9న పొద్దుటి పూట పాక్షిక గ్రహణం. అప్పుడు కోడలికి మొదటి కాన్పు. ఇంటిల్లిపాదీ వద్దంటున్నా, ఏమీ కాదని తనే ఆ అమ్మాయిని మేడ మీదికి పిలిచి అద్దాల్లోంచి చూపించాడు. ఆగస్టులో పుట్టిన బిడ్డకు పై పెదవి చీలి ఉంది.

మన భాషలో దాన్ని ఏమంటారో మీకు తెలుసు. గ్రహణం మొర్రి. పేరులోనే తీర్పు ఉంది. ఇంక సాక్షులెందుకు? వీధి వీధంతా ఆయన వైపు వేలు చూపించింది. వియ్యపురాలు మాట్లాడటం మానేసింది. బిడ్డకు నాలుగో నెలలో కోల్‌కతాలో ఆపరేషన్ అయింది, పెదవి చక్కగా అతుక్కుంది. కానీ పిల్లాణ్ని ఆ వీధిలో "గ్రహణం బుడ్డోడు" అంటారు.

"నా సదువు నా మనవడి మూతి మీద రాసుంది తమ్ముడూ" అన్నాడు.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. 2016లో ఈ సంగతి ఆయన ఫోన్లో చెప్పాడు. నేను, "మూర్ఖులు అన్నయ్యా, పట్టించుకోకు" అని వేరే మాటలోకి దిగాను. అది సమాధానం కాదు. బాధలో ఉన్నవాడికి ఎదుటివాళ్లు మూర్ఖులని చెప్తే ఒరిగేదేమిటి? మూడున్నరేళ్లు ఆయన ఆ నేరాన్ని ఒక్కడే మోశాడు. నేను ముప్పై ఏళ్ల పైన ఆడిట్ చేసినవాణ్ని. ఆరోపణ వస్తే మొదట తేదీలు చూడాలని కుర్రవాళ్లకు పాఠం చెప్పినవాణ్ని. ఈ ఒక్క పద్దు తేదీలు మాత్రం చూడలేదు.

సాయంత్రం ఇంటికెళ్తే వంటింట్లో డబ్బాల మీద దర్భలు వేసి ఉన్నాయి. రాత్రి ఎనిమిది నుంచి కోడలికి తిండి లేదు, మర్నాడు విడుపు స్నానం అయ్యాకనే. అంటే దాదాపు మధ్యాహ్నం దాకా. ఆ అమ్మాయికి కడుపుతో ఉండగా షుగరు వచ్చింది. వేళకు తినాలని డాక్టరు రాసిచ్చిన చీటీ గోడకే అంటించి ఉంది. నాకు భయం వేసింది. వాదిద్దామని నోరు తెరిచాను. వదిన ముందే అంది: "మీరు సదువుకున్నోళ్లు, ఏటైనా సెప్తారు. పుట్టిన పిల్లడి మూతి సూసింది నేను."

ఆమెకు నేనేం చెప్పను? ఆమె దేవుడి కోసం పోట్లాడటం లేదు. ఇంకో బిడ్డ కోసం భయపడుతోంది.

"నిజమే వదినా. ఒక్క లెక్క చూద్దాం. తప్పయితే మీరు చెప్పినట్టే చేద్దాం. మనవడి ఆసుపత్రి కాగితాలున్నాయా?" అన్నాను. ట్రంకు పెట్టెలోంచి తీసింది. క్యాలెండరు వెనక రాశాను. బిడ్డ నెలలు నిండి 2016 ఆగస్టు రెండో వారంలో పుట్టాడు. అంటే తల్లి కడుపులో పడింది 2015 నవంబరు నడుమ. బిడ్డ పై పెదవి అతుక్కునేది నాలుగో వారానికీ ఏడో వారానికీ మధ్య. అంటే 2016 జనవరి నడిమికల్లా ఆ పని ముగిసింది. అతుక్కోలేదంటే అప్పటికే అతుక్కోలేదు. గ్రహణం వచ్చింది మార్చి 9న. ఖర్చు జనవరిలో జరిగితే మార్చిలో వచ్చినవాడి మీద పద్దు ఎలా రాస్తాం?

వదిన ఆ తేదీలను చాలాసేపు చూసింది. చదువు రాకపోయినా నెలలు లెక్కపెట్టడం ఆమెకు నాకన్నా బాగా వచ్చు. వేళ్ల మీద రెండుసార్లు లెక్కపెట్టింది.

"మరెందుకొచ్చింది?" అంది. అది న్యాయమైన ప్రశ్న. ప్రపంచంలో సుమారు 700 కాన్పులకు ఒకటి ఇలా వస్తుందని, కొన్ని కుటుంబాల్లో జన్యువుల వల్ల, కొన్నిచోట్ల తల్లికి ఫోలిక్ యాసిడ్ లాంటివి చాలక, కొన్ని మందుల వల్ల, చాలాసార్లు ఒక్క కారణం అని తేల్చలేమని చెప్పాను. తెలిసినంతే చెప్పాను. దీనివల్లే అని తేల్చి చెప్పగలవాళ్లు జ్యోతిష్కులు మాత్రమే.

ఈసారి స్కాను అక్టోబరులో తీశారు. పెదవి మామూలుగానే ఉందని అందులో ఉంది. "అయిపోయిన కుట్టును రేపు ఎవరు విప్పుతారు వదినా?" అన్నాను. అప్పుడు గుమ్మం దగ్గర్నుంచి కోడలు అంది: "అత్తయ్యా, జూలైలో చంద్రగ్రహణం రాత్రి ఈయనకి రెండు గంటలకి డ్యూటీ కాల్ వచ్చింది. గేటు తీసి, సందు మలుపు తిరిగేదాకా వీధిలోనే ఉన్నాను. అప్పటికి నెల తప్పింది, మనకి తెలీదు."

ఇంట్లోని వికారి పంచాంగమే తీసి చూశాం. జూలై 17 తెల్లవారుజామున పాక్షిక చంద్రగ్రహణం. లెక్కేస్తే పెదవి తయారయ్యే వారాలు సరిగ్గా అవే! ఒక్క ఉదాహరణతో ఏదీ రుజువు కాదని నాకు తెలుసు. కానీ మూడున్నరేళ్లుగా ఆ ఇంటిని ఏలింది కూడా ఒక్క ఉదాహరణే కదా.

తెల్లారింది. మబ్బుగా ఉంది. ఏదో గొప్ప మార్పు జరిగిందని చెప్పను. కిటికీలు మూసే ఉన్నాయి, దర్భలు ఎక్కడివక్కడే. కోడలు బయటికి రాలేదు. కానీ తొమ్మిదింటికి, గ్రహణం మొదలైన అరగంటకు, వదిన నాలుగు ఇడ్లీలు పళ్లెంలో పెట్టి ఎవరి వంకా చూడకుండా ఆ గదిలోకి తీసుకెళ్లింది. నాకు అది చాలు.

పది దాటాక వెతికితే అన్నయ్య కనిపించలేదు. మేడ మీదికెళ్లాను. మాస్టారి అద్దాలు తర్వాత ఎప్పుడు తెచ్చుకున్నాడో తెలీదు. మనవణ్ని చంకనెత్తుకుని, వాడి కళ్లకు అద్దాలు అడ్డంపెట్టి, మబ్బు విడిపోయేదాకా కాచుకుని చూపిస్తున్నాడు. వాడు "తాతా, ఎవలో కొరికేసినారు" అన్నాడు. అన్నయ్య నవ్వాడు. "ఎవలూ కొరకలేదురా. సందమామ అడ్డమొచ్చినాడు. ఎల్లిపోతాడు" అన్నాడు.

2020 మార్చి మొదటి వారంలో, లాక్‌డౌన్‌కు కొద్ది రోజుల ముందు, ఆ ఇంట్లో ఆడపిల్ల పుట్టింది. ఫోన్ చేసింది వదిన. "పెదవి బాగుంది" అని మొదట ఆ మాటే చెప్పింది.

మనం సభల్లో నిప్పుల మీద నడుస్తాం, నాలుక మీద కర్పూరం వెలిగిస్తాం, రాజ్యాంగంలో 51ఏ(హెచ్) చదువుతాం. అవన్నీ చేయాల్సిందే. కానీ మన మాట విని నడిచినవాడి ఇంట్లో యాదృచ్ఛికంగా ఒక కష్టం వస్తే, ఊరంతా ఆ కష్టాన్ని మన మాటకు ముడిపెడుతుంది. ఆ రోజు వాడి పక్కన కూర్చుని కాగితం మీద తేదీలు వేసేవాడు ఒకడు ఉండాలి. నాకు ఆ పని పావుగంట పట్టింది. మూడున్నరేళ్లు ఆలస్యంగా.

ఇంకొక్క మాట. నేను గ్రహణం మొర్రి అనడం మానేశాను. పెదవి చీలిక అంటున్నాను. ఎవరైనా ఆ పాత మాట అంటే, విసుక్కోకుండా, బిడ్డ ఎప్పుడు పుట్టాడండీ అని అడుగుతున్నాను.