అలసటను కొలిచే బల్ల

జనవరి 12 జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు జయంతి. ఆయన కండరాల మీద చేసిన పరిశోధన గురించి ఏదైనా రాయమని మా ఎడిటర్ గారు అడిగారు. "పుస్తకాలు ముందేసుకుని రాయకు, కండరం పనిచేసే చోటికి వెళ్లి చూసి రాయి" అని కూడా అన్నారు. కోస్తాలో ఒక మెడికల్ కాలేజీలో మా వదిన ఫిజియాలజీ చెబుతుంది. అలా ఆ ల్యాబ్‌కి వెళ్లాను. వదిన నాకు కొత్త కంప్యూటర్ గది, ట్రెడ్‌మిల్, ఊపిరి కొలిచే యంత్రం చూపించాలనుకుంది. నేను మాత్రం వెనక గదిలో పాత సామాను దగ్గరే ఉండిపోయాను. అక్కడి అటెండరు చేతులు నన్ను కదలనివ్వలేదు.

విద్యార్థులంతా ఆయన్ని బాబాయ్ అంటారు, నేనూ అలాగే పిలిచాను. రిటైర్మెంటు దగ్గరపడ్డ మనిషి. నేను వెళ్లేసరికి కైమోగ్రాఫ్ డ్రమ్ముకు నున్నటి తెల్లకాగితం ముడత లేకుండా చుట్టి, అంచు జిగురుతో అంటిస్తున్నారు. తర్వాత డ్రమ్మును ఇరుసుతో పట్టుకుని పొగలు కక్కే కిరసనాయిలు మంట మీద తిప్పడం మొదలుపెట్టారు. ఎడమచెయ్యి ఇరుసును మోస్తుంటే కుడిచేతి వేళ్లు ఒకే వేగంతో తిప్పుతున్నాయి. చూస్తుండగానే తెల్లకాగితం గోధుమరంగుకి, అక్కణ్నుంచి నిగనిగలాడే నలుపుకి తిరిగింది. ఎక్కడా చార లేదు, కాగితం కమిలిన జాడ లేదు.

"మసి మందమైతే ములికి ఇరుక్కుపోద్దమ్మా. పలచనైతే గీత కనపడదు. చెయ్యి ఆగిందా, కాగితం కాలిపోద్ది" అన్నారు.

కార్ల్ లుడ్విగ్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1847లో లోకానికి చూపిన పరికరం ఇది. శరీరంలో జరిగే కదలికను కాలంతోపాటు కాగితం మీదికి ఎక్కిస్తుంది. తిరిగే డ్రమ్ము మీద ములికి మసిని గీరుతూ తెల్లటి గీత వదులుతుంది. ఆ కాగితాన్ని కోసి, లక్క వార్నిష్‌లో ముంచి ఆరేస్తే గీత ఏళ్ల తరబడి నిలుస్తుంది. బాబాయ్ అలాంటివి ఒక అట్టపెట్టెలో దాచుకున్నారు. చాలావరకూ కప్ప పిక్క కండరం గీసినవి. ఇప్పుడు ఆ కప్పలు లేవు. ఆ ప్రయోగాన్ని విద్యార్థులు కంప్యూటర్ తెర మీద చూస్తారు. ప్రాణిహింస ఆగడం మంచిదే, నాకు సంతోషమే. కానీ కప్పతోపాటు ఈ గీత చదవడం కూడా పోతోంది. ఆ లోటు ఆయన ఒక కాగితం తీసి చూపించాక నాకు తెలిసింది.

"ఇది అలిసిపోయిన కండ గీత. మొదట్లో చూడమ్మా, లేవడం ఎంత చురుకో దిగడం అంత చురుకు. ఇక్కడికొచ్చేసరికి లేవడం ఇంకా పరవాలేదు. దిగడమే, దిగలేక దిగలేక దిగుతా ఉంది."

ఆ దిగలేకపోవడంలోనే అలసట సంగతి చాలా ఉంది. నాడి నుంచి సంకేతం రాగానే దాని కొసన ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలవుతుంది. కండరపు పోగు పొర మీద విద్యుత్తు పాకి, లోతుల్లోకి చొచ్చుకుపోయిన సన్నటి గొట్టాల గుండా దిగుతుంది. లోపలి సంచుల్లో దాచిపెట్టిన కాల్షియం ఒక్కసారిగా బయటికి వస్తుంది. అది ట్రోపోనిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకోగానే ఆక్టిన్ పోగు మీద అప్పటిదాకా మూసి ఉన్న పట్లు తెరుచుకుంటాయి. మయోసిన్ తలలు వాటిని పట్టుకుని లాగుతాయి, వదులుతాయి, మళ్లీ ముందుకెళ్లి పట్టుకుంటాయి. బావిలోంచి చేద తోడేటప్పుడు తాడు మీద చెయ్యి మార్చి చెయ్యి వేసినట్టే. ఒక్కో లాగు మిల్లీమీటరులో లక్షో వంతుకు అటూ ఇటూ. పోగులు పొట్టివి కావు, ఒకదాని పక్కనుంచి ఒకటి జారతాయి. ఈ మాట 1954లో నేచర్ పత్రిక ఒకే సంచికలో రెండు బృందాలు విడివిడిగా చెప్పాయి. ఒకటి ఆండ్రూ హక్స్లీ, నీడర్‌గెర్కెలది. రెండోది హ్యూ హక్స్లీ, జీన్ హాన్సన్‌లది.

పట్టు వదలడానికి, కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు కావాలి. కాల్షియాన్ని తిరిగి సంచుల్లోకి తోడడానికీ ఏటీపీయే కావాలి. సడలడం కూడా కండరానికి ఖర్చే. చనిపోయిన శరీరం బిగుసుకుపోయేది అందుకే, పట్టు వదలడానికి ఏటీపీ మిగలదు. అలిసిన కండరంలో కాల్షియం వెనక్కి తోడే పని మందగిస్తుంది, గీత ఆలస్యంగా దిగుతుంది. బాబాయ్ కళ్లతో చదివినదాన్ని రసాయనశాస్త్రం ఇలా విడమరుస్తుంది.

ఆ రసాయనశాస్త్రంలో ఒక పెద్ద భాగం భీమవరంలో 1895లో పుట్టిన మనిషిది. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి సుబ్బారావు మొదట, 1925లో, ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి ఒకటి తయారుచేశారు. ద్రావణం నీలిరంగు తిరుగుతుంది, ఆ రంగు ముదురును బట్టి లెక్క కడతారు. ఆ పద్ధతితో కండరాన్ని పరీక్షిస్తుంటే అప్పటిదాకా ఎవరూ గుర్తించని పదార్థం బయటపడింది. అదే 1927లో ప్రకటించిన క్రియాటిన్ ఫాస్ఫేట్. కండరం ముడుచుకున్నప్పుడు అది విడిపోతుంది, విశ్రాంతిలో మళ్లీ కూడుతుంది. 1929లో ఏటీపీని కూడా వేరుచేశారు. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా దాన్ని కనుగొన్నాడు.

కండరం శక్తి అంతా లాక్టిక్ ఆమ్లం చుట్టూ తిరుగుతుందని అప్పటిదాకా పెద్దలు నమ్మేవారు. ఆ దారిలో పనిచేసిన హిల్, మేయర్‌హాఫ్‌లకు 1922 నోబెల్ వచ్చింది. 1930లో డెన్మార్క్ శాస్త్రవేత్త లుండ్స్‌గార్డ్ లాక్టిక్ ఆమ్లం అసలు తయారు కాకుండా చేసినా కండరం ముడుచుకుంటుందని చూపించాడు. అప్పుడు అందరి చూపూ ఫాస్ఫేటు వైపు తిరిగింది. ఇవాళ అలసటకు ముఖ్యకారణాల్లో ఒకటిగా చెబుతున్నది కూడా ఆ ఫాస్ఫేటునే. క్రియాటిన్ ఫాస్ఫేట్ విడిపోయినప్పుడు మిగిలే ఫాస్ఫేటు మయోసిన్ లాగుడు బలాన్ని తగ్గిస్తుంది. సంచుల్లోకి చేరి అక్కడి కాల్షియాన్ని గడ్డకట్టిస్తుంది, దాంతో బయటికొచ్చే కాల్షియం తగ్గిపోతుంది. ఇంత దారి చూపిన సుబ్బారావు పేరు పాఠం అంచున ఒక పెట్టెలో రెండు వాక్యాలుగా మిగలడం నాకు కోపం తెప్పిస్తుంది. ఆ ల్యాబ్‌లో నేను పలకరించిన విద్యార్థులు ఏటీపీ గురించి అనర్గళంగా చెప్పారు. దాన్ని కనుగొన్నవారిలో మన భీమవరం ఆయన ఉన్నారని ఒక్కరూ చెప్పలేదు.

తర్వాత బాబాయ్ నన్ను అలసటను కొలిచే ఎర్గోగ్రాఫ్ బల్ల ముందు కూర్చోబెట్టారు. ఇటలీలోని ట్యూరిన్‌లో ఏంజెలో మోసో అనే శాస్త్రవేత్త 1880ల్లో చేసిన పరికరం ఇది. ముంజేతిని బల్లకు వెల్లకిలా కట్టేస్తారు. చూపుడువేలు, ఉంగరపు వేలు కదలకుండా రెండు గొట్టాల్లో బిగిస్తారు. నడిమి వేలికి తగిలించిన తాడు కప్పీ మీదుగా దిగి బరువును మోస్తుంది. మెట్రోనోమ్ రెండు సెకన్లకొకసారి టక్కుమంటుంది, టక్కుమన్నప్పుడల్లా వేలు ముడవాలి. బరువు ఎంత లేస్తే డ్రమ్ము మీద గీత అంత ఎత్తు పడుతుంది.

మొదట్లో గీతలన్నీ ఒకే ఎత్తులో పడ్డాయి. తర్వాత ఒక్కోటీ కురచ అవుతూ వచ్చింది. ముంజేతిలో మంట మొదలైంది. వేలు నాది, లేపాలన్న ఆలోచన నాది, అయినా వేలు లేవలేదు. అప్పుడు పక్కనున్న పిల్లలు "ఇంకొక్కటి మేడమ్, ఇంకొక్కటి" అని అరిచారు. ఆశ్చర్యం, గీత మళ్లీ కాస్త లేచింది. అలసటలో కొంత కండరంలోనూ కొంత మెదడు నుంచి వచ్చే ఆజ్ఞలోనూ ఉంటుందని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? విశ్రాంతి తర్వాత బీపీ పట్టీ కట్టి రక్తం ఆపారు. ఈసారి వేలు చాలా ముందే చేతులెత్తేసింది. రక్తం అందకపోతే ఆక్సిజన్ రాదు, పేరుకున్నది కొట్టుకుపోదు. బరువును గట్టిగా పట్టుకుని కదలకుండా నిలబడ్డప్పుడు కూడా బిగిసిన కండరమే తన రక్తనాళాలను నొక్కేస్తుంది.

పట్టీ విప్పుతూ బాబాయ్ పక్కనున్న కుర్రాడితో అన్న మాట నా చెవిన పడింది. "ఈ బల్ల మీద ఎప్పుడూ పెన్ను పట్టే వేళ్లే పెడతన్నాం బాబూ. మా అన్నయ్య గోడౌన్లో ముఠా పని చేసి నడుం పడిపోయాడు. ఆడి వేలు ఒక్కరోజైనా ఇక్కడ పెట్టి చూసినోళ్లు లేరు." కుర్రాడు ఏమీ అనలేదు. నేను ఆ మాట అక్కడే వదిలేసి రాలేకపోయాను.

మోసో దగ్గర పనిచేసిన మజ్జోరా ఈ పరికరంతోనే ఒక గొప్ప విషయం కనిపెట్టాడు. వేలు పూర్తిగా అలిసేదాకా ముప్పైసార్లు లాగితే తేరుకోవడానికి రెండు గంటలు పట్టింది. పదిహేనుసార్లకే ఆపితే అరగంట చాలింది. పని సగమైంది, విశ్రాంతి పావు వంతైంది. అలిసిపోయాక చేసే పని శరీరం నుంచి ఎన్నో రెట్లు ఎక్కువ వసూలు చేస్తుందని దీని అర్థం. మోసో 1891లో అచ్చయిన తన పుస్తకంలో సిసిలీ గంధకపు గనుల్లో బరువులు మోసే పిల్లల గురించి రాశాడు. వాళ్ల బతుకులు చూసిన మనిషి కాబట్టి ఈ కొలతలు ఎవరికి పనికొస్తాయో ఆయనకు తెలుసు.

మన కాలేజీల్లో ఆ కొలతలు చాలావరకు పరీక్ష రికార్డు దాటి బయటికి రాలేదు. మా జిల్లాల్లో ధాన్యం బస్తా అంటే 75 కిలోలనే లెక్క. పెద్దవాడైన మగమనిషి మోసే బరువు 55 కిలోలు దాటకుండా చూడాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. గాయమయ్యేంత బరువు మోయించకూడదని మన 1948 ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షన్ చెప్పింది. అయితే ఈ లెక్కలన్నీ ఒక్క బస్తా బరువు చూస్తాయి. ఎన్నో బస్తా, ఎంత వేగంతో, మధ్యలో ఎంత విరామంతో అన్నది చూడవు. హమాలీకి కూలి బస్తాకు ఇంత అని. ఆగితే ఆ నిమిషానికి డబ్బు లేదు. మజ్జోరా వేలు ఎక్కడ ఆగాలని చెప్పిందో సరిగ్గా అక్కడే ఈ కూలి లెక్క మనిషిని ఆగనివ్వదు.

ఇంకో సంగతి. రాత్రి పడుకుంటే అలుపు తీరిపోతుందని అంతా అనుకుంటాం. రిచర్డ్ ఎడ్వర్డ్స్ బృందం 1977లో లండన్‌లో చూపినదాని ప్రకారం భారీ శ్రమ తర్వాత ఒక రకం అలసట గంటల తరబడి ఉండిపోతుంది, ఒక్కోసారి రోజు గడిచినా పూర్తిగా పోదు. కండరాన్ని గరిష్ఠ బలంతో పరీక్షిస్తే బాగానే ఉన్నట్టుంటుంది. మామూలు పనిలో నాడి పంపే తక్కువ వేగపు సంకేతాలకు మాత్రం బలం తక్కువ పలుకుతుంది. నిన్నటి బస్తానే ఇవాళ ఎక్కువ ప్రయత్నంతో ఎత్తాలి. బయటికి ఏమీ కనపడదు కాబట్టి ఆ మనిషిని సోమరి అంటారు. ఆ నింద అన్యాయమే కాదు, అబద్ధం కూడా.

మెడికల్ కాలేజీలను నేను అడిగేది ఎంతో ఖర్చుతో కూడినది కాదు. ఎర్గోగ్రాఫ్ బల్లను ఇద్దరు మోయగలరు. పిడికిలి బలం కొలిచే డైనమోమీటరు చేతిసంచిలో పడుతుంది. మొదటి సంవత్సరం విద్యార్థులు తమ రికార్డులో ఒక ప్రయోగాన్ని మార్కెట్ యార్డులోనో బియ్యం గోడౌన్లోనో చేయాలి. మనిషి ఒప్పుకుని కూర్చున్నాక, పని మొదలయ్యే ముందు ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, మర్నాడు పొద్దున ఒకసారి కొలవాలి. కొలిచిన సమయానికి కూలి నష్టపోకుండా డబ్బివ్వాలి. ఆ గీతలు వైద్యుల బీరువాల్లో కాకుండా హమాలీల ముఠా సంఘాల చేతుల్లో, కార్మికశాఖ బల్లల మీద ఉండాలి. ఏ బస్తా తర్వాత విరామం ఇవ్వాలో, ఆ విరామానికీ కూలి ఎందుకు కట్టాలో అవి చూపిస్తాయి. సుబ్బారావు జయంతికి దండ వేసే ప్రతి కాలేజీ ఈ ఒక్క పని చేయగలదు, చేయాలి.