తోలుబొమ్మ వెనక తెలుపు

నన్ను నిమ్మలకుంటకు తీసుకెళ్లింది ఒక సీతమ్మ బొమ్మ. పిల్లల కోసం వేస్తున్న రామాయణం పుస్తకంలో తోలుబొమ్మల్నే వాడదామని అనుకున్నాం. తెలిసినవాళ్లు పంపిన ఫొటోలో సీతమ్మ తెల్లగోడకు ఆనించి ఉంది. ఆ తెలుపు తీసేస్తే అశోకవనంలో కూర్చోబెట్టొచ్చు. ఫొటోషాప్‌లో మ్యాజిక్ వాండ్‌తో గోడ మీద నొక్కితే చుట్టూ ఉన్న తెలుపంతా పోయింది. వడ్డాణంలో, జడబిళ్లల్లో, చీర అంచులో పొడిచిన చిల్లుల్లో మాత్రం గోడ అలాగే మిగిలింది. ఆ టూల్ నొక్కినచోటికి ఆనుకుని ఉన్న తెలుపునే పట్టుకుంటుంది. చిల్లు చుట్టూ తోలు అడ్డం ఉంది కదా! ఆ నియమం తీసేస్తే చిల్లులతో పాటు కళ్లలోని తెలుపు, పలువరస కూడా ఎగిరిపోయాయి. ఒక్క నొక్కుతో పని కానిచ్చే కొత్త సాఫ్ట్‌వేర్లు ఇంకో రకం. బొమ్మను అంచుల వెంట చక్కగా కత్తిరించాయి కానీ అందులో వెలుగు లేదు, అట్ట మీద రంగు పూసినట్టుంది. బొమ్మల్ని ఎదురుగా పెట్టుకుని ఫొటోలు తీసుకోవాల్సిందేనని బయల్దేరాను.

కాచిగూడలో రాత్రి బండెక్కి, ఇంకా చీకటి ఉండగానే ధర్మవరంలో దిగాను. తెల్లవారాక ఆటో మాట్లాడుకుని ఊరు దాటుతుంటే సందుల్లోంచి మగ్గాల చప్పుడు వినిపించింది. తర్వాత వేరుశనగ చేలు, మల్బరీ తోటలు, దూరంగా బోడిగుట్టలు. నిమ్మలకుంట ధర్మవరం మండలంలోనే ఉంది. 2022లో జిల్లాలు విడదీసేదాకా అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. 2020లో పద్మశ్రీకి ఎంపికైన దళవాయి చలపతిరావు ఈ ఊరివారే. బొమ్మలు చేసే కుటుంబాలు ఇళ్లలో మరాఠీ మాట్లాడుకుంటాయి. ఆట మాత్రం తెలుగులోనే.

నేను వెళ్లిన ఇంటి ముందు మేకతోలు ఒకటి నాలుగు వైపులా లాగి, మేకులు కొట్టి ఎండబెట్టారు. నానబెట్టి, వెంట్రుకలు గీకేసి, లోపలి పొర తీసేసి, ఇలా బిగించి ఆరబెడితేగాని తోలు పనికిరాదట. వంగి చూస్తే దాని కింద పడి ఉన్న గడ్డిపరకలు మసగ్గా కనిపించాయి. ఎంత పలచగా గీకితే అంత వెలుగు దూరుతుంది, మరీ గీకితే చిరుగుతుంది. తర్వాత గీత గీయడం, ఉలితో చిల్లులు పొడవడం, రంగులు వేయడం. రంగు రెండు వైపులా వేస్తారు. ఆటలో బొమ్మ ఇటు తిరిగినా అటు తిరిగినా ఒకేలా కనిపించాలి కాబట్టి.

ఇంటి పెద్దాయనకు సీతమ్మ ఫొటో చూపించి నా అవస్థ చెప్పాను.

"గోడకానిచ్చి తీస్తే ఎట్లమ్మా? బొమ్మకు ఎనకాల గోడ గాదు, ఎలుగు ఉండాల" అన్నాడాయన. మనవణ్ని పిలిచి లోపలి గదిలో తెల్లపంచె కట్టించి, వెనక బల్బు వెలిగించి, హనుమంతుణ్ని పంచెకు ఆనించాడు. వెనకటి రోజుల్లో ఆముదం దీపాలు పెట్టేవారట. పంచెకు ఆనినంతసేపూ గీతలన్నీ పదునుగా ఉన్నాయి. బొమ్మను కాస్త వెనక్కి లాగగానే అంచులు చెదిరి మసకబారాయి. ఎరుపు వేసినచోట ఎర్రటి వెలుగు, ఆకుపచ్చ వేసినచోట ఆకుపచ్చ వెలుగు, రంగు వేయనిచోట తేనెరంగు. చిల్లుల్లో మాత్రం పంచె తెలుపే.

"తాతా, ఈ తెలుపు తీసేయాలంటే ఏది తీయాలి, ఏది ఉంచాలి?" అని అడిగాను.

"చిల్లులో తెలుపు బొమ్మది గాదు, తీసేయ్. తోలులో ఎలుగు బొమ్మదే, అది పాయ్యిందంటే బొమ్మ సచ్చిపోతాది."

నాకు కావలసిన కొలత ఆ మాటల్లో ఉంది. కంప్యూటర్‌లో ప్రతి పిక్సెల్‌కూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలుంటాయి. నాలుగోది ఆల్ఫా. అది సున్నా అయితే ఏమీ లేనట్టు, 255 అయితే పూర్తిగా మూసినట్టు. ఈ నాలుగో ఛానెల్ ఆలోచన 1970ల చివర్లో న్యూయార్క్‌లో ఎడ్ క్యాట్‌మల్, ఆల్వీ రే స్మిత్‌లది. జేపెగ్ ఫైల్లో దీనికి చోటే లేదు. జిఫ్‌లో ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు, మధ్యస్థం లేదు. 1996లో వచ్చిన పీఎన్‌జీలో సున్నాకీ 255కీ మధ్య అన్ని మెట్లూ ఉన్నాయి. తోలుబొమ్మకు కావలసింది సరిగ్గా ఆ మధ్య మెట్లే.

కానీ ఒక్క ఫొటోతో ఆ మెట్టు తేలదు. బుగ్గ మీద లేతరంగు కనిపిస్తే అది తోలు రంగా, వెనకనుంచి వచ్చిన తెలుపా? చూసి చెప్పలేం. ఆల్వీ రే స్మిత్, జేమ్స్ బ్లిన్ 1996లో ఒక పరిశోధన పత్రంలో దీనికి దారి చూపించారు: ఒకే వస్తువును రెండు వేర్వేరు నేపథ్యాల మీద తీయాలి. నేను తెలుపు, నలుపు ఎంచుకున్నాను. తెల్లపంచె ఇంట్లోనే ఉంది. నల్లగుడ్డ కోసం పెద్దాయన కోడలు పెట్టెలన్నీ వెతికి ఒక పాత పరదా తెచ్చిచ్చింది.

మధ్యాహ్నమంతా వరండాలో అదే పని. బొమ్మను వెదురుకర్రకు దారాలతో వేలాడదీశాం, కాళ్లూ చేతులూ కదలకుండా కట్టాం. బొమ్మ నీడ గుడ్డ మీద పడకుండా గుడ్డను బాగా వెనక్కి జరిపాం. కెమెరాను స్టాండు మీద బిగించి, వెలుతురు కొలతలన్నీ చేత్తో పెట్టాను. ఆటోమేటిక్‌లో వదిలేస్తే నల్లగుడ్డ చూడగానే కెమెరా తనంతట తనే ఫొటోను వెలిగిస్తుంది, లెక్కంతా చెడుతుంది. తెల్లగుడ్డతో ఒకటి, గుడ్డ మార్చి నల్లగుడ్డతో ఇంకొకటి. మధ్యలో గాలి వీచినా, ఎండకు తోలు ముడుచుకున్నా రెండూ ఒకదానిమీదొకటి కూర్చోవు, మళ్లీ మొదటికి రావాలి. బొమ్మ నిలకడగా ఉండాలని మనవడు చీరలు అడ్డం కట్టి గాలి ఆపాడు.

లెక్క మాత్రం తేలిక. చిల్లులో ఒక పిక్సెల్ తీసుకుంటే తెల్లగుడ్డ మీద 255, నల్లగుడ్డ మీద సున్నా. తేడా మొత్తం 255, అంటే అక్కడ బొమ్మ లేదు. కంటిపాప నలుపు రెండిట్లోనూ ఒకటే, తేడా లేదు, అంటే పూర్తిగా మూసి ఉంది. బుగ్గ మీద తెల్లగుడ్డతో 230, నల్లగుడ్డతో 90 వచ్చిందనుకోండి. తేడా 140. ఆ తేడా మేరకు వెలుగు దాటిపోతోంది, మిగిలిన 115 ఆల్ఫా. కళ్లలోని తెలుపు చెక్కుచెదరదు, చిల్లుల్లోని తెలుపు మిగలదు. మామూలు కటౌట్ల చుట్టూ సన్నగా మిగిలిపోయే తెల్లటి అంచు కూడా ఉండదు. ఆ అంచు బొమ్మా గోడా కలిసిపోయిన పిక్సెళ్ల వరస. ఇక్కడ ప్రతి పిక్సెల్లో బొమ్మ ఎంతో గోడ ఎంతో విడివిడిగా తెలుస్తుంది.

ఒక్క చిక్కు ఉంది. ఎర్రరంగు వేసిన తోలు ఎర్రటి వెలుగును పోనిస్తుంది, నీలాన్ని ఆపేస్తుంది. కాబట్టి తేడా మూడు రంగుల్లో మూడు రకాలుగా వస్తుంది. పీఎన్‌జీలో పిక్సెల్‌కు ఆల్ఫా ఒక్కటే. సగటు తీసుకుంటే పగటి దృశ్యాలకు సరిపోయింది, లంకాదహనానికి సరిపోలేదు. మంటల ముందు హనుమంతుడి ధోవతి పచ్చగా నిలవాలి. అందుకని ఆ పేజీలకు వేరే దారి పట్టాను. రాత్రి పంచె వెనక బల్బు పెట్టి తీసిన ఫొటోను మంటల బొమ్మ మీద మల్టిప్లై పద్ధతిలో పరిచాను. ఆ పద్ధతిలో తెలుపు కింది రంగును ఉన్నదున్నట్టు వదిలేస్తుంది, తోలు తన రంగు మేరకే వెలుగును పోనిస్తుంది. తెలుపు తీసే పనే లేదు. తోలుబొమ్మకు ఇంతకన్నా న్యాయం చేసే పద్ధతి నాకు కనిపించలేదు.

ల్యాప్‌టాప్‌లో చూపిస్తే పెద్దాయన హనుమంతుడి తోకనే చాలాసేపు చూశాడు. తర్వాత అడిగాడు: "ఎనక గోడ లేకుంటే ఎవురైనా ఎత్తకపోయి యాడైనా అతికించుకోవచ్చు గదమ్మా?"

నిజమే. టీషర్టుల మీదికీ పెళ్లిపత్రికల మీదికీ ఇలాంటి బొమ్మలు చేరడం, చేసినవాళ్లకు పైసా అందకపోవడం చూస్తూనే ఉన్నాం. వెనక నేపథ్యం లేని బొమ్మ అన్నిటికంటే సులువుగా పోయేది. అక్కడే కూర్చుని కాగితం రాసుకున్నాం. ఈ ఫొటోలు ఈ పుస్తకానికే, ఒక్కో బొమ్మకూ ఇంత సొమ్ము, మళ్లీ అచ్చు వేస్తే మళ్లీ ఇవ్వాలి. పేర్లు పుస్తకం చివర చిన్నక్షరాల్లో కాదు, బొమ్మ ఉన్న పేజీలోనే ఊరితో సహా వేయాలి. విడి ఫైళ్లు ఎవరికీ ఇవ్వకూడదు. మనవడు కాగితం గట్టిగా చదివి వినిపించాడు, పెద్దాయన ఇంకో షరతు కలిపించాడు: చిల్లులు పొడిచింది కోడలు, ఆమె పేరూ రావాలి.