స్కిల్స్ ల్యాబ్‌కు వారంలో ఒక పూట

సర్జరీ పీజీ విద్యార్థులు స్కిల్స్ ల్యాబ్‌లో ఏం సాధన చేస్తారన్నది ఎంత ముఖ్యమో, ఎప్పుడెప్పుడు చేస్తారన్నదీ అంతే ముఖ్యం. పరికరాలు కొని పెట్టినంత మాత్రాన చేయి తిరగదు. వాటి ముందు నిలబడే సమయం డ్యూటీ చార్టులోకి ఎక్కాలి. హైదరాబాద్‌లోని ఒక బోధనాసుపత్రిలో మేం చూసిన ల్యాబ్ ఈ పద్ధతిలోనే నడుస్తోంది.

ల్యాబ్‌లో మూడు భాగాలున్నాయి. మొదటి బల్ల మీద ముడులు వేయడానికి దారాలు, కుట్లు నేర్చుకోవడానికి సిలికాన్ ప్యాడ్లు ఉంటాయి. గోడ వారగా ల్యాపరోస్కోపీ బాక్స్ ట్రైనర్లు ఉన్నాయి. చివర, నీటి కుళాయి దగ్గర, పేగులను కలిపి కుట్టే బల్ల ఉంది. దానికి మాంసం దుకాణం నుంచి తెప్పించిన మేక పేగులు వాడతారు.

బాక్స్ ట్రైనర్ మీద తొలి అభ్యాసం పెగ్ ట్రాన్స్‌ఫర్. అమెరికాలో సర్జన్ల ల్యాపరోస్కోపీ మౌలిక నైపుణ్యాలను అంచనా వేసే ఎఫ్‌ఎల్‌ఎస్ పరీక్షలోని ఐదు చేతిపనుల్లో ఇదొకటి. రంధ్రం ఉన్న రబ్బరు ముక్కలు ఆరు ఉంటాయి. కుడిచేతి వాటం వారు ఒక్కోదాన్ని ఎడమచేతి గ్రాస్పర్‌తో ఎత్తి, గాలిలోనే కుడిచేతి గ్రాస్పర్‌కు అందించి, అవతలి వైపు పుల్లకు తొడగాలి. ఆరూ అయ్యాక మళ్లీ ఇవతలికి తేవాలి. గడువు 300 సెకన్లు. పరికరం పోర్టు దగ్గర ఇరుసు మీదలా తిరుగుతుంది కాబట్టి చేయి కుడికి కదిపితే మొన ఎడమకు పోతుంది. ఫస్టియర్ పీజీ చేతిలోంచి ముక్క జారేది చాలావరకు ఆ అందింపు దగ్గరే. పక్కనున్న అసిస్టెంట్ ప్రొఫెసర్ వెంటనే అడ్డుపడరు. ఒక విడత పూర్తయ్యాక, ఎక్కడ మణికట్టు బిగుసుకుందో చూపించి మళ్లీ చేయిస్తారు.

ఇలాంటి సాధనను ఒక్కరోజు వర్క్‌షాప్‌లో కుక్కితే నిలవదు. టొరంటో పరిశోధకులు 2006లో ప్రచురించిన అధ్యయనంలో 38 మంది జూనియర్ రెసిడెంట్లు సూక్ష్మ రక్తనాళాలను కలిపి కుట్టడం నేర్చుకున్నారు. ఒక జట్టుకు నాలుగు శిక్షణలూ ఒకే రోజు జరిగాయి. రెండో జట్టుకు వారానికొకటి చొప్పున నాలుగు వారాలు సాగాయి. నెల తర్వాత పరీక్షిస్తే వారం వారం నేర్చుకున్నవారే మెరుగ్గా చేశారు. నేర్చుకున్న పని మెదడులో స్థిరపడటానికి శిక్షణకూ శిక్షణకూ మధ్య విరామం కావాలి.

ఆ విరామాన్ని ఆసుపత్రి పనిలో ఇమడ్చడమే అసలు కష్టం. ప్రతి యూనిట్‌కూ ఓపీ రోజు, ఓటీ రోజు, అడ్మిషన్ రోజు ఉంటాయి. అడ్మిషన్ రాత్రంతా క్యాజువాలిటీలో గడిపిన పీజీని మర్నాడు ల్యాబ్‌కు పిలిస్తే వచ్చేది నిద్రే. ‘ఖాళీ దొరికినప్పుడు రండి’ అంటే ఆ ఖాళీ ఎన్నటికీ దొరకదు. అందుకే ఇక్కడ ఈ రోజులన్నీ తప్పించి, ఒక్కో యూనిట్‌కు వారంలో ఒక మధ్యాహ్నం కేటాయించారు. యూనిట్‌లో సగం మంది ల్యాబ్‌కు వస్తే మిగతా సగం వార్డు చూసుకుంటారు. మరుసటి వారం వంతులు మారతాయి. వచ్చినవారికి ఆ పూట వార్డు నుంచి ఫోన్లు రావు. నేర్పే అధ్యాపకుల పేర్లూ అదే చార్టులో ఉంటాయి.

ఏ ఏడాది ఏం నేర్పాలన్నది ఓటీలో రాబోయే పనిని బట్టి ఉంటుంది. చేరిన తొలి వారాల్లోనే ముడులు, కుట్లు నేర్పుతారు. కెమెరా పట్టుకునే వంతు రాకముందే బాక్స్ ట్రైనర్, పేగు ఆపరేషన్లలో చేయి కలపకముందే మేక పేగు. జాతీయ వైద్య కమిషన్ నిబంధనల ప్రకారం పీజీలు మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలి. ఆ కాలంలో ల్యాబ్ సాధన తెగిపోతుంది. తిరిగి వచ్చాక పాత అభ్యాసాలను మరోసారి చేయించడానికి చార్టులో ముందే చోటు ఉంచుతారు.

శిక్షణ ఎప్పుడు ముగుస్తుందో గంటలు తేల్చవు. కొందరికి నాలుగు పూటలు చాలు, కొందరికి ఎనిమిది కావాలి. నిర్ణీత సమయంలో, తప్పు లేకుండా, వరుసగా చేసి చూపినవారి లాగ్‌బుక్‌లోనే అధ్యాపకులు సంతకం పెడతారు. మిగిలినవారికి అదనపు పూటలు ఇస్తారు. తడబాట్లన్నీ రబ్బరు ముక్కల దగ్గరే తీరిపోవాలి, రోగి దాకా రాకూడదు. డ్యూటీ చార్టులో ఈ పూటకు ఓటీ రోజుతో సమానమైన గౌరవం దక్కాల్సింది అందుకే.