కాలువల బెజవాడ

మేము నాగోలులో కాపురముండువారము. మూసీనది మా యింటికి కూతవేటు దూరముననే పారుచున్నను, నదీతీరమున నివసించుచున్నారమను తలంపు మాకెన్నడును కలిగినది కాదు. గాలి యటునుండి వీచినప్పుడు కిటికీ తలుపులు మూసికొనుటయే మాకును ఆ నదికిని గల సంబంధము. ఇట్టి మాకు, నీటిని నమ్ముకొని పెరిగిన యొక నగరమును తీరికగా చూచు భాగ్యము 2024వ సంవత్సరము కార్తికమాసమున లభించినది. అక్కడ చూచినవి, తిన్నవి, తిరిగివచ్చి నేర్చుకొన్నది సోదరీమణులకు విన్నవించుకొందుము.

మా అత్తగారి పుట్టినయూరు ఏలూరు కాలువగట్టుననున్న యొక చిన్న పల్లె. వారికిప్పుడు ఎనుబదేండ్లు. చిన్ననాడు గూటిపడవలో బెజవాడకు వచ్చిన ముచ్చటను వారు మా యింట చెప్పని పండుగ లేదు. ఆ యేడు సెప్టెంబరులో బుడమేరు పొంగి, బెజవాడ సింగునగరులోనున్న వారి చెల్లెలిగారి యిల్లు మునిగెను. అప్పటినుండి, "దానినొకసారి కన్నులార చూడవలెను; కాలువలో ఒక దీపము విడువవలెను" అని పట్టుపట్టిరి. పిల్లలకు సెలవులు కలిసివచ్చుటతో ప్రయాణము నిశ్చయమైనది.

బయలుదేరుటకు ముందుదినమున అత్తగారు దేవునిగదిలో నెలనాళ్లుగా కూడిన వాడిన పూలు, తమలపాకులు, అగరువత్తుల పెట్టెలు అన్నియు ఒక ప్లాస్టికు సంచిలో మూటగట్టించి, "చెత్తబండిలో వేయరాదు. నిర్మాల్యము నదిలో కలియవలెను" అనిరి. ప్రతినెలయు చేయు పనియే గనుక మేమును ఆలోచింపక, సాయంకాలము నాగోలు వంతెనమీదనుండి దానిని మూసీలోనికి విసరివచ్చితిమి.

మరునాడు తెల్లవారుజామున ఎల్.బి. నగరములో బస్సెక్కితిమి. హయత్‌నగరు, చౌటుప్పలు, నార్కట్‌పల్లి దాటి, సూర్యాపేట యింకను కొంత దూరమున్నదనగా బస్సు ఒక నదిని దాటినది. మా చిన్నది కిటికీలోనుండి తొంగిచూచి, "అమ్మా, ఇదే నది?" అని యడిగెను. మూసీయని చెప్పితిమి. "మన మూసీయేనా? ఇంతదూరము వచ్చినదా? ఇక్కడనుండి ఎక్కడికి పోవును?" నల్లగొండ జిల్లాలో వాడపల్లివద్ద కృష్ణలో కలియుననియు, ఆ కృష్ణయే పులిచింతల మీదుగా బెజవాడకు చేరుననియు చెప్పితిమి. "అయితే మనకంటె ముందే మన నీళ్లు బెజవాడకు పోవుచున్నవన్నమాట!" అని పిల్ల చప్పట్లు చరచెను. ముందు వరుసలోనున్న అత్తగారు వెనుకకు తిరిగి ఒకసారి చూచిరి గాని యేమియు అనలేదు.

కోదాడ, జగ్గయ్యపేట, నందిగామ దాటి, ఇబ్రహీంపట్నము చేరగానే కృష్ణ కనబడినది. 2015 మొదలుకొని పట్టిసీమ ఎత్తిపోతలవలన గోదావరి జలములు వచ్చి కృష్ణలో కలియుచున్నది ఇక్కడనే. అందుచే ఈ స్థలమును పవిత్రసంగమమని పిలుచుచున్నారు. మధ్యాహ్నమునకు మునుపే బెజవాడలో దిగితిమి.

మొదట ఇంద్రకీలాద్రినెక్కి కనకదుర్గమ్మను దర్శించితిమి. అమ్మవారి పులిహోర ప్రసాదమును దొన్నెలో పెట్టుకొని కొండమీదనుండి క్రిందకు చూచినచో, బెజవాడ పుట్టుపూర్వోత్తరములన్నియు కన్నులయెదుట పరచినట్లుండును. ఇటు ఇంద్రకీలాద్రి, అటు సీతానగరపు కొండ. నడుమ ప్రకాశము బ్యారేజి. ఈవలి యొడ్డునుండి బయలుదేరిన నీరు బందరు, ఏలూరు, రైవసు అను మూడు కాలువలై నగరము నడుమనుండి పోవుచున్నది. వీథులు, వంతెనలు, అంగళ్లు, ఇండ్లు అన్నియు ఆ కాలువలకు దారియిచ్చి, ప్రక్కకు ఒదిగి కూర్చున్నట్లు కనబడును.

1832-33లో గుంటూరు సీమను డొక్కల కరువు పీడించెను. కృష్ణ నిండుగా సముద్రములో కలియుచుండగా, దాని యొడ్డుననే జనులు అన్నము లేక మడిసిరి. ఆ పిమ్మట కాటన్ దొర ప్రోత్సాహమున, కెప్టెన్ ఓర్ పర్యవేక్షణలో 1852లో ఆనకట్ట పని మొదలై 1855లో ముగిసెను. నూరేండ్లకు దగ్గరగా పనిచేసిన ఆ కట్ట 1952 వరదలో తెగెను. అప్పుడు కట్టిన బ్యారేజి 1957లో ప్రారంభమై, టంగుటూరి ప్రకాశము పంతులుగారి పేర వెలసినది. దీనికి 70 గేట్లు. పొడవు సుమారు 1,223 మీటర్లు. కృష్ణకు ఇరువైపుల సుమారు 13 లక్షల ఎకరములు ఈ కాలువల నీటినే నమ్మియున్నవి. నాగోలులో మేము వండుకొను బియ్యములో ఎన్ని గింజలు ఈ నీటివో యెవరు చెప్పగలరు?

కొండ పాదముననున్న అక్కన్న మాదన్న గుహలను చూచితిమి. గోలకొండ ప్రభువైన తానీషాకు మంత్రులైన ఆ సోదరుల పేరు మా హైదరాబాదువారికి చుట్టరికము గలిగినదే గదా! గుహలుమాత్రము వారికంటె ఎన్నియో శతాబ్దములు పూర్వపువి. మరునాడు బ్యారేజి దాటి ఉండవల్లికి పోయితిమి. అచ్చట కొండను తొలిచి నాలుగంతస్తులు నిలిపినారు. లోపల అనంతపద్మనాభస్వామి శేషశయనుడై యున్నాడు. బయటి మండుటెండనుండి ఆ చల్లని చీకటిలోనికి పోయి స్వామి పాదములనుండి ముఖమువరకు నడచినప్పుడు మా చిన్నది కూడ మాటలాడుట మానెను.

ఇక భోజన విషయము. గాంధీనగరములోని బాబాయి హోటలు ఇడ్డెనలు పేరుపడ్డవి. పొగలు చిమ్ముచున్న ఇడ్డెనపై వెన్న వేసి తెత్తురు. వెన్న కరగి జారకముందే కారప్పొడి అద్దుకొని, అల్లపు పచ్చడితో తినవలెను. అత్తగారు రెండు తిని, మూడవది తెప్పించుకొని, "ప్రయాణములో ఆకలి యెక్కువ" అని తమకు తామే సమాధానము చెప్పుకొనిరి. సాయంకాలము వీథిమూలలయందు పునుగుల బాణలులు వెలయును. పులిసిన పిండిని చేతితో చిన్నచిన్న ఉండలుగా నూనెలో విడుచు నేర్పు చూచుటకే కొంతసేపు నిలిచితిమి. పైన కరకర, లోన దూదివలె మెత్తన.

బందరు లడ్డు కొన్న యంగడిలో దాని తయారీనిగూర్చి విచారించితిమి. శనగపిండిని జంతికలవలె వత్తి నేతిలో వేయించి, వానిని దంచి జల్లించి, ఆ పొడిని బెల్లపు పాకములో కలిపి, నేయి పోయుచు మరల దంచుదురు. తొక్కుడు లడ్డు అను పేరు అందుచేతనే వచ్చినది. శ్రమ యెక్కువ, కాని నోట వేసికొనగానే కరగును.

ఇన్నిటికంటె మేము మరువలేని భోజనము సింగునగరులో మా పినఅత్తగారి యింటిది. గుమ్మమున అడుగుపెట్టగానే గోడపై రొమ్మెత్తున బురదచార కనబడినది. రెండుసార్లు సున్నము వేయించినను అది లోపలినుండి తేలుచునే యున్నదట. మైలవరపు కొండలనుండి వచ్చి కొల్లేటిలో కలియు బుడమేరు ఆ సెప్టెంబరు 1వ తేదీన ఊరిమీద పడెను. అదే దినములలో కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చెను. పినఅత్తగారు మేడమీద నాలుగు దినములు గడిపిరి. పడవలలోను, డ్రోనులతోను అన్నపు పొట్లములు, పాలు, నీళ్లు అందించిరట. "చుట్టును నీళ్లేనమ్మా, త్రాగుటకు గుక్కెడు లేదు" అని వారు చెప్పుచుండ మాకు కన్నులు చెమర్చినవి. 1908లో మా మూసీ పొంగి హైదరాబాదును ముంచిన కథ మేమును పెద్దలవలన విన్నదే. నీరు పోవు దారిని మనమాక్రమించినచో, అది మన గదిలోనికే దారి వెదకికొనును.

ఇంత బాధపడియు వారు మాకు పెట్టిన విందు చూడుడు! కార్తికమాసము గనుక నీరుల్లి లేని వంట. అరటియాకులో ముద్దపప్పు, ఆవకాయ, గుత్తివంకాయ, గోంగూర పచ్చడి, దొండకాయ వేపుడు, అప్పడములు. నడుమ ఒక రాతిచిప్పలో ఉలవచారు. ఉలవలను రాత్రి నానవేసి, తగినంత నీటితో చాలసేపు ఉడికించి, ఆ కట్టునుమాత్రము వంచుకొని, చింతపండు పులుసు, కారము, ఉప్పు చేర్చి చిక్కబడువరకు సన్ననిసెగపై మరగింపవలెను. ఇంగువ తిరుగబోత పెట్టి, వేడియన్నములో పోసి, పైన పాలమీగడ వేసికొని తినుట కృష్ణాతీరపు మర్యాద. వరదలో కొట్టుకొనిపోకుండ మేడమీదికి మోసికొనిన వస్తువులలో ఆ రాతిచిప్ప యొకటి యని పినఅత్తగారు నవ్వుచు చెప్పిరి. మేము మారడుగకముందే మారు వడ్డించిరి.

ఆ సాయంకాలము అక్కచెల్లెండ్రిద్దరిని వెంటబెట్టుకొని ఏలూరు కాలువ గట్టునకు పోయితిమి. అత్తగారు గట్టుమీద కూర్చుండి మా పిల్లకు పడవల కాలమును వర్ణించిరి. గాలి అనుకూలించినప్పుడు తెరచాప, లేనప్పుడు గట్టువెంట త్రాడుపట్టి లాగు మనుష్యులు. లాకువద్ద రెండు తలుపుల నడుమ పడవ నిలిచినప్పుడు నీరు మెల్లగా హెచ్చియో తగ్గియో పడవను తరువాతి మట్టమునకు చేర్చుట. పడవలోనే వంట, పడవలోనే నిద్ర. ఒకప్పుడు కాకినాడ ప్రాంతమునుండి గోదావరి కాలువలు, ఏలూరు కాలువ, కృష్ణకు ఆవల కొమ్మమూరు కాలువ, పెదగంజామునుండి బకింగుహాము కాలువ మీదుగా మద్రాసు వరకు నీటిమీదనే పోవ వీలుండెడిది. 1876-78 నాటి కరువులో కూలిజనమునకు పని కల్పించి త్రవ్వించిన భాగమును ఆ దారిలో కలదు. రైళ్లు, లారీలు వచ్చిన పిమ్మట పడవలు తగ్గి, క్రమముగా మాసిపోయినవి. "మా నాయన దోసిటితో ఈ నీళ్లే త్రాగి నాకు త్రాగించెడివాడు" అనిరి అత్తగారు.

చీకటిపడగానే అరటిదొప్పలో నేతిదీపము వెలిగించి నీటిలో విడిచిరి. అది నాలుగు బారలు పోయి ఆగెను. చూడగా గట్టుప్రక్కను ప్లాస్టికు సంచులు, సీసాలు, వాడిన దండలు కుప్పగా చేరి తేలుచున్నవి. దీపము వానిలో చిక్కుకొనినది. మా చిన్నది పుల్ల తెచ్చి దానిని విడిపింపబోగా, ఒక సంచి దగ్గరకు కొట్టుకొనివచ్చినది. మూతికి ముడివేసియున్నది, లోపల వాడిన బంతిపూలు, తమలపాకులు. అదెవరి యింటిదో భగవంతునికెరుక. కాని అత్తగారు దానివైపు చాలసేపు చూచి, "అమ్మాయీ, మొన్న మనము వేసిన మూట యెంతదూరము వచ్చియుండును?" అని యడిగిరి. మేము బదులు చెప్పలేకపోయితిమి. పుల్ల తగిలి దీపము విడివడి, వంతెన క్రిందికి సాగి కనుమరుగైనది. వారు దానివైపు చూడనేలేదు.

తిరుగు ప్రయాణమున బందరు లడ్లు, పిల్లకొక కొండపల్లి ఏనుగుబొమ్మ తెచ్చుకొంటిమి. తెల్లపొణికి కఱ్ఱతో చేసిన ఆ బొమ్మ చేతిలో పూవువలె తేలికగా నుండును. సూర్యాపేట దాటి మూసీ వంతెన వచ్చినప్పుడు అత్తగారు పిల్లను లేపి, "చూడమ్మా, మన నీళ్లు బెజవాడకు పోవుచున్నవి" అనిరి. మనుమరాలికి నిద్రమత్తు, ఆ మాట మాకే తగిలినది.

ఇంటికి వచ్చిన మరునాడు అత్తగారు పెరటిలో పారిజాతము మొదట ఒక గుంట త్రవ్వించిరి. అప్పటినుండి నిర్మాల్యము ఆ గుంటలో పడి ఎరువగుచున్నది. "దేవుని పూవు మరల పూవగుటకంటె సద్గతి యేమున్నది?" అని వారే ఇరుగుపొరుగు అమ్మలకు చెప్పుచున్నారు. వేపుడు మిగిలిన నూనెను తూములో పోయు అలవాటు మేమును మానితిమి. నగరపు మురుగునీరు శుద్ధిచేయు కేంద్రము మా నాగోలులోనే కలదు గాని, ఎన్ని యంత్రములు పెట్టినను మన చేతిసంచిని ఆపవలసినది మన చేయియే గదా.

మా కొక్కరికి మూసీ బాగుపడునని చెప్పము. ఇప్పటికిని గాలి యటునుండి వీచినప్పుడు కిటికీ మూసికొనుచునే యున్నాము. అయినను, బియ్యము కడుగుచు కుండలోని నీటిని చూచినప్పుడెల్ల, ఇది ఇక్కడితో ముగియునది కాదనియు, దిగువనెక్కడనో ఒక యిల్లాలి యన్నపుకుండకు దారితీయుచున్నదనియు తోచుచుండును. బెజవాడ పోవు సోదరీమణులు కొండనెక్కి కాలువలను చూడుడు. వెన్న ఇడ్డెన, ఉలవచారు మరువకుడు. దీపము విడుచునప్పుడుమాత్రము ఆ నీటికి ఎగువ నెవరున్నారో ఒకసారి తలచుకొనుడు.