గాజువాక నుంచి మధురవాడ దాకా.. బ్యాటా? బంతా?

"అన్నయ్యా, సార్ ఏదో ఒకటి వదిలేయమన్నారు."

ఆదివారం పొద్దున్న ఏడింటికి, గాజువాకలో నా బండి వెనక ఎక్కుతూ మా పిన్ని కొడుకు అన్న మాట ఇది. వాడికి పధ్నాలుగేళ్లు. ఓపెనింగ్ బ్యాటింగ్ చేస్తాడు, మీడియం పేస్ వేస్తాడు. ఆ రోజు మధురవాడలో ఓ గ్రౌండ్‌లో ట్రయల్స్. ఫామ్‌లో మూడు గళ్లుంటాయట: బ్యాటర్, బౌలర్, ఆల్‌రౌండర్. ఒకదానికే టిక్కు పెట్టాలి. "మూడోది పెట్టకు, రెండు పడవల మీద కాళ్లు పెట్టినట్టు అవుతుంది" అని అకాడమీలో చెప్పారట.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. నెలకోసారి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వైజాగ్ వచ్చేస్తాను. బాబాయ్‌ది స్టీల్‌ప్లాంట్ ఉద్యోగం. అప్పుడే నైట్ షిఫ్ట్ దిగొచ్చాడు. కళ్లు మూతలు పడుతున్నా గేటు దాకా వచ్చి, "నువ్వు చదువుకున్నోడివి, దార్లో వాడికేదో ఒకటి చెప్పరా" అన్నాడు. నేను కూడా బీటెక్‌లో కాలేజీ టీమ్ ఆల్‌రౌండర్నే. అంటే రెండూ సరిగ్గా రానివాణ్ని. ఆ సంగతి బాబాయ్‌కి తెలీదు.

గాజువాక నుంచి మధురవాడ అంటే ఊరిని ఈ చివర నుంచి ఆ చివరకి కొలవడమే. హైవే మీద బీహెచ్‌పీవీ, షీలానగర్, ఎయిర్‌పోర్టు, ఎన్‌ఏడీ దాటాలి. మన వైజాగ్ అంటే రీల్స్‌లో ఆర్కే బీచ్, కైలాసగిరే కనిపిస్తాయి. ఇటు పక్కన చిమ్నీలు, లారీలు, షిఫ్ట్ బస్సులు. నాకైతే ఇదే అసలు ఊరు. ఇక్కడ అందరి నాన్నలూ ఏదో ఒక ప్లాంట్‌లో చేసేవాళ్లే.

వాళ్లలో ఒక నాన్న పేరు ఇప్పుడు దేశమంతా తెలుసు. ముత్యాల రెడ్డి గారు. హిందుస్థాన్ జింక్‌లో ఉద్యోగం. ఆ ప్లాంట్ ఇప్పుడు మూతపడింది. ఉదయ్‌పూర్‌కి బదిలీ అంటే, కొడుకు క్రికెట్ ఆగిపోతుందని ఉద్యోగమే మానేశారు. ఆ కొడుకే మన నితీశ్ కుమార్ రెడ్డి.

"నితీశ్ అన్న రెండూ చేస్తున్నాడు కదా, మరి నాకెందుకు వద్దంటున్నారు?" వెనక నుంచి గాలిలో అరిచాడు మావాడు.

పాయింటే. కానీ జవాబు అంత తేలిక కాదు. 2017-18 విజయ్ మర్చంట్ ట్రోఫీలో, అంటే అండర్-16లో, నితీశ్ 1,237 పరుగులు కొట్టాడు. నాగాలాండ్ మీద ఒక్క ఇన్నింగ్స్‌లోనే 441. దాంతోపాటు 26 వికెట్లు. ఆ వయసులో రెండూ వచ్చినవాడు గ్రౌండ్‌కే రాజు. పై మెట్టుకి వెళ్లేకొద్దీ ప్రశ్న మారిపోతుంది. ఒట్టి బ్యాటింగ్‌తో టీమ్‌లో ఉంటావా? ఒట్టి బౌలింగ్‌తో ఉంటావా? రెండింటికీ "కాదు" అనే జవాబొస్తే, రెండు సగాలు కలిపినా ఒకటి అవ్వదు.

నా బీటెక్ ఫ్రెండ్ ఒకడు బాల్టిమోర్‌లో ఉంటాడు. వాడికిప్పుడు అమెరికన్ ఫుట్‌బాల్ పిచ్చి. బంతిని చేత్తో విసరడం, తనే పట్టుకుని పరిగెత్తడం, రెండూ వచ్చిన క్వార్టర్‌బ్యాక్‌ని అక్కడ డ్యుయల్ థ్రెట్ అంటారట. కాలేజీలో అలాంటివాళ్లు ఏలేస్తారు. ప్రొఫెషనల్ లీగ్‌కి వచ్చేసరికి అందరికీ అదే అనుమానం: ఇక్కడ నిలబడతాడా? టిమ్ టీబో అనే అతను 2007లో కాలేజీ ఆటలో అతిపెద్ద అవార్డు, హైస్‌మన్ ట్రోఫీ కొట్టాడు. విసరడం ఆ స్థాయికి సరిపోక పైన ఎక్కువ కాలం లేడు. లమార్ జాక్సన్ 2016లో అదే ట్రోఫీ కొట్టాడు. "నువ్వు క్వార్టర్‌బ్యాక్ వద్దు, బంతి అందుకునే పొజిషన్‌కి మారిపో" అని అతనికీ సలహా ఇచ్చారు. అతను మారలేదు. 2018 డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో చిట్టచివరన, 32వ ఆటగాడిగా బాల్టిమోర్ తీసుకుంది. 2019లో లీగ్ మొత్తంలో ఎక్కువ టచ్‌డౌన్ పాస్‌లు అతనివే, 36. పరుగులోనూ క్వార్టర్‌బ్యాక్‌ల రికార్డు బద్దలుకొట్టాడు. మళ్లీ 2023లో కూడా అతనే ఎంవీపీ. అతని పరుగు చూడ్డానికి జనం ఎగబడతారు కానీ, అతన్ని నిలబెట్టింది విసరడం బాగుపడటమే అని మా ఫ్రెండ్ వాదన.

ఎన్‌ఏడీ ఫ్లైఓవర్ దిగాక టీ కోసం ఆపాను. మావాడు ఫోన్‌లో మెల్‌బోర్న్ వీడియో పెట్టాడు. ఎన్నోసారో వాడికే తెలీదు. 2024 డిసెంబర్ 28. అంతకు ముందు 191కి ఆరు వికెట్లు పడ్డప్పుడు నితీశ్ దిగాడు. ఎనిమిదో నంబర్. వాషింగ్టన్ సుందర్‌తో 127 పరుగుల భాగస్వామ్యం. యాభైకి బ్యాట్‌తో పుష్ప స్టైల్ 'తగ్గేదేలే'. 99 దగ్గరుండగా బుమ్రా అవుటయ్యాడు. చివరి వికెట్‌గా వచ్చిన సిరాజ్, కమిన్స్ వేసిన మూడు బంతులు ఆపాడు. తర్వాత బోలాండ్ బంతి బౌండరీకి. స్టాండ్‌లో ముత్యాల రెడ్డి గారి ఏడుపు. టీ కొట్టు ఆయన కూడా మా ఫోన్‌లోకి తొంగిచూసి, "మా గాజువాక కుర్రోడే" అన్నాడు. ఆయన కొట్టున్నది ఎన్‌ఏడీలో. అయినా ఆ రోజు నుంచి ఊరంతా గాజువాకే.

ఆ సిరీస్‌లో నితీశ్ 298 పరుగులు చేశాడు, వికెట్లు 5. అంకెలు చూస్తే తెలుస్తుంది, టికెట్ కొన్నది బ్యాట్. మరి బంతి? 2025 జూలైలో లార్డ్స్‌లో ఒకే ఓవర్‌లో డకెట్‌నీ, క్రాలీనీ పంపించాడు. ఆ రోజు బంతే హీరో. తర్వాత మోకాలి గాయం. అక్టోబర్‌లో వెస్టిండీస్ మీద ఢిల్లీ టెస్టులో బ్యాటింగ్‌లో ముందుకు పంపారు, 43 కొట్టాడు. బౌలింగ్ మాత్రం ఇవ్వలేదు. మన పిచ్‌ల మీద ముగ్గురు స్పిన్నర్లుంటే మూడో పేసర్‌కి పనేముంటుంది? నవంబర్‌లో సౌతాఫ్రికాతో మొదటి టెస్టుకి ముందు జట్టు నుంచి విడుదల చేసి ఇండియా-ఎకి పంపారు.

ఇది నితీశ్ ఒక్కడి బాధ కాదు. కపిల్ దేవ్ తర్వాత మనకి ఎర్రబంతితో నిలబడ్డ పేస్ ఆల్‌రౌండర్ ఎవరు? హార్దిక్ పాండ్యా 11 టెస్టుల దగ్గర, 2018లో ఆగిపోయాడు. రోజుకి పదిహేను ఓవర్లు వేసి, మర్నాడు రెండు సెషన్లు బ్యాటింగ్ చేయడానికి ఒంట్లో ఇంకో ఒళ్లుండాలి.

మద్దిలపాలెం, హనుమంతవాక, ఎండాడ. కొండలు దగ్గరికొచ్చాయి. పీఎం పాలెంలో స్టేడియం కనబడగానే మావాడు నా భుజం తట్టాడు. 2005 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మీద ధోనీ 148 కొట్టింది ఇక్కడే. మావాడు అప్పటికి పుట్టలేదు. వాడి జ్ఞాపకం వేరే. 2025 మార్చి 30, ఉగాది. హైదరాబాద్, ఢిల్లీ ఐపీఎల్ మ్యాచ్. సొంతూళ్లో నితీశ్ ఆట చూద్దామని మేమిద్దరం ఎండలో కూర్చున్నాం. స్టార్క్ బౌలింగ్‌లో సున్నాకే అవుట్. మావాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "బౌలింగ్ ఉంది కదా అన్నయ్యా" అన్నాడు. ఆ మాట నాకిప్పటికీ గుర్తే. రెండు పనులు వచ్చినవాడికి మాత్రమే ఉండే ధైర్యం అది.

అందుకే గ్రౌండ్ దగ్గర బండి ఆపాక నాకు తోచింది చెప్పాను. "నితీశ్ టెస్టుల్లో నిలబడతాడనే నా నమ్మకం. బ్యాటర్‌గా ముందు చోటు ఖాయం చేసుకుంటే నిలబడతాడు. బంతి అతన్ని ఇంకాస్త ఎక్కువ రోజులు ఉంచుతుంది. నీకింకా పధ్నాలుగే. ఏది నీ టికెట్టో నీకే తెలీదు, మీ సార్‌కి ఎలా తెలుస్తుంది? ఇప్పుడే ఒకటి వదిలేయకు. కానీ ఒకదాన్ని మాత్రం, అదొక్కటే ఉన్నా తీసుకునేంత బాగా నేర్చుకో."

"ఏది?"

"అది నువ్వు చూసుకో."

"సాఫ్ట్‌వేర్ వాళ్లంతా ఇంతేనా, తిప్పి తిప్పి చెప్తారు" అని పెన్ను లాక్కున్నాడు. ఫామ్ బండి సీటు మీద పెట్టి, పెన్ను మూడు గళ్ల మీదా తిప్పి, మూడోదాంట్లో గట్టిగా టిక్కు పెట్టాడు. కాగితానికి చిల్లు పడింది.

లోపల్నుంచి "బౌలర్లు ముందు రావాలి, బౌలర్లు!" అని కేక వేశారు. బ్యాట్ నా చేతిలో పడేసి పరిగెత్తాడు. జేబులో ఫోన్ మోగుతోంది. బాబాయ్. ఇంకా పడుకోలేదన్నమాట.